ఎవరూ మొదలుపెట్టని అక్షరం

చిత్తూరు సంతపేటలో మూతబడ్డ ప్రెస్సు నుంచి
ఆ నిఘంటువు నా బల్ల మీదికొచ్చింది,
వెన్ను విరిగి, గోనెసంచిలో.
తిరుపతిలో ఇలాంటివి కుట్టేవాళ్ళం
ఇక ఇద్దరమే.
మైదా గంజిలో మైలుతుత్తం కలుపుతూ
ముందు పురుగు నడిచిన దారి చూశాను:
‘అ’ దగ్గర దూరి ‘క్ష’ దగ్గర తేలింది.
నాకంటే శ్రద్ధగా చదివింది.

ప్రతి అక్షరానికీ మొదట్లో ఒక చెక్కడం,
అరచేతి వెడల్పున.
నమూనాకి దొరల పుస్తకం ఒకటి ఇచ్చారట.
దాన్నిండా ద్రాక్షతీగలు, రెక్కల పసిపిల్లలు.
మాధవమాల మునిగోపాలాచారి
ద్రాక్ష ఎరగడు.
‘ఇ’ చుట్టూ కాకరతీగ పాకించాడు,
కాయ మీది బొడిపెలు లెక్కపెట్టి మరీ.
రెక్కల పిల్లల చోట తూనీగల్ని వాల్చాడు.
‘ఘ’ మీదికి మేక ఎక్కి
తలకట్టు మేస్తోంది.

ఆయనకి చదువు రాదు.
చెక్క మీద తిరగేసి చెక్కీ చెక్కీ
అక్షరాలన్నీ అద్దంలో మొహాల్లాగే తెలుసు.
బజారులో బోర్డులు చూసి
అన్నీ తప్పు రాశారని నవ్వేవాడట.

‘ఢ’ అయిపోగానే ‘త’ వచ్చేసింది.
మధ్యలో కాగితం పోయిందేమోనని
కుట్టంతా విప్పాను. లెక్క సరిపోయింది.
అప్పుడు కనబడింది,
వెన్ను కింద అతికించిన చిత్తు కాగితంలో
ఆచారి పద్దు:
అక్షరానికి ఆరణాలు.
‘ణ’ తిరగ్గొట్టడమైనది.

ఆ ఒక్క ముక్క నన్ను
పాకాల దాకా బస్సెక్కించింది.
చెరుకు పిప్పి ఎండేసిన పొలాల నడుమ
ఆయన మనవరాలు చెంగమ్మ
పొయ్యిలోకి మంట ఎగదోస్తా చెప్పింది:
“మొదలియారు కోప్పడినాడంట.
‘దీంతో మాటే మొదలు కాదు కదయ్యా,
నేనేం చేసుకోను?’ అని.
మా తాత అనినాడంట,
‘నువ్వు పట్టుకునే ఆరణాల్లో లేదా సామీ అది?’
ఇంటికొచ్చి రెండు దినాలు అన్నం తిన్లేదు.
మూడోనాడు మామూలే.”

ఆ అచ్చు ఉందా అన్నాను.
చెయ్యి చీరకి తుడుచుకుని
గానుగ షెడ్డులోంచి తెచ్చింది.
ఎర్రచందనం తునక,
సిరా ఒక్కసారీ తగలని గట్లు,
సందుల్లో పాకం నల్లగా పేరుకుని.

తలకట్టు లేని బోడితల అక్షరం.
దానికి ఆయన చేసిన సింగారం చూస్తే
మిగతావన్నీ తొందరగా ముగించాడనిపిస్తుంది.
లోపలి చుట్టలో పిట్టగూడు.
గూట్లో నోళ్ళు తెరిచిన మూడు పిల్లలు.
తల్లి కోసం వెతికాను,
అంచుదాకా వెతికాను.
చెక్క అక్కడికి అయిపోయింది.

మూడు తరాలుగా వీళ్ళు
దాన్ని వేడి బెల్లం మీద అదుముతున్నారు.
చిత్తూరు మండీలో పువ్వు గుర్తు బెల్లమంటే
అదేనట.
ఎందరి పాయసంలో కరిగిందో,
ఎన్ని పురుళ్ళకి మిరియంతో నూరారో.
అక్షరమని ఎవరూ అనుకోలేదు.
ప్రాణంలో ఉందని
ఎవరు మాత్రం రోజూ అనుకుంటారు?

వద్దన్నా ఒక ముద్ద సంచిలో పెట్టింది.
రాత్రి బల్ల మీద ఉంచి మరిచిపోయాను.

తెల్లారేసరికి చీమలు.
మా పనికి పురుగంటేనే పగ.
మందు డబ్బా అందుకోబోయి
వంగి చూశాను.
బెల్లమంతా వదిలేసి అవి
అక్షరం దిగిన గుంట వెంబడే
ఒకదాని వెనక ఒకటి,
మెలిక తిరిగి, గూడు చుట్టూ తిరిగి
మళ్ళీ మొదటికి.

ఎక్కడ మొదలుపెట్టాయో
చాలాసేపు చూశాను.
గంజి అడుగంటింది.